క్షీణించు నాదము: సీతాఫల్‌మండి గదిలో పియానో

పియానో మెట్టును నొక్కిన వ్రేలు, ఆ క్షణము గడచిన పిమ్మట, తాను పుట్టించిన స్వరమును పెంచనూ లేదు, నిలుపనూ లేదు. వయొలిన్ వాయించువాడు కమానుతోను, గాయకుడు ఊపిరితోను, హార్మోనియము వాయించువాడు తిత్తితోను తమ స్వరమును పోషించుచుండగా, పియానో స్వరము మాత్రము పుట్టిన మరుక్షణము నుండి తనంతట తాను క్షీణించుచు, క్రింది స్థాయిలో పది పదునైదు సెకనుల పర్యంతము నిలిచి, పై కొసన ఒక్క సెకనైనను నిలువక, నిశ్శబ్దములో లీనమగును. ఈ క్షయమునందే ఆ వాద్యము యొక్క సౌందర్యమంతయు కలదని చెప్పినను అతిశయోక్తి కాదు. సామాన్య సాధనములతో ఇంటిలో పియానోను రికార్డు చేయబూనినవారిలో పెక్కుమంది స్వరము యొక్క జన్మమును చక్కగా పట్టుకొందురు. దాని క్షయమును మాత్రము గదికో, తలపైని ఫ్యానుకో, ఫోనులోని స్వయంచాలక సవరణలకో వదలివేయుదురు. ఆ క్షయమును ఏ విధముగా కాపాడుకొనవచ్చునో తెలుపుటయే ఈ అధ్యాయము యొక్క ఉద్దేశము.

ఇట్టి ప్రయత్నమునకు సీతాఫల్‌మండి కంటె కఠినమైన స్థలమును, అదే సమయమున దాని కంటె తగిన స్థలమును, జంటనగరములలో వెదకి పట్టుట కష్టము. కఠినమని యేల యనుచున్నాననగా, సికిందరాబాదు స్టేషను విడిచి ఫలక్‌నుమా వైపు సాగు ఎం.ఎం.టి.ఎస్. రైలుకు మొదటి మజిలీ సీతాఫల్‌మండి, ఆ తరువాతిది ఆర్ట్స్ కాలేజీ. లోకలు బండ్లేగాక దూరప్రయాణపు బండ్లును, గూడ్సు బండ్లును ఆ పట్టాల మీదనే పోవుచుండును. ఇరుకైన సందులలో గోడకు గోడ ఆనుకొని యిండ్లు నిలిచియుండును. తగినదని యేల యనుచున్నాననగా, నిజాము గ్యారంటీ స్టేట్ రైల్వేవారు 1893లో లాలాగూడలో కర్మాగారమును నెలకొల్పినది మొదలు, లాలాగూడ మెట్టుగూడలలో స్థిరపడిన ఆంగ్లో-ఇండియను కుటుంబముల యిండ్లకును, వారి చర్చిలకును, పాఠశాలలకును, సాయంకాలపు నృత్యములు జరుగు రైల్వే క్లబ్బులకును తోడుగా పియానో ఈ ప్రాంతమునకు వచ్చి చేరినది. స్వాతంత్ర్యానంతరము ఆ కుటుంబములలో అనేకము ఆస్ట్రేలియాకును ఇంగ్లండునకును తరలిపోయినను, పియానోలన్నియు ఓడ ఎక్కలేదు. అవి చేతులు మారినవి. గోడకు చేరవేసి నిలుపుటకు వీలైన అప్‌రైట్ పియానో ఒకటి, మూతపై పటములు, పూలకుండీలు మోయుచు, ఇప్పటికిని ఏదో ఒక యింట తటస్థపడుచుండును.

అట్టి పియానో ఒకటి సీతాఫల్‌మండిలో పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలో ఉన్నదని భావింతము. క్రింద షాబాదు బండల నేల. నాలుగు ప్రక్కల సిమెంటు పూతపూసిన గోడలు. పైన కాంక్రీటు కప్పు. చేతిలో ఉన్న సాధనములు రెండు చిన్న కండెన్సర్ మైకులు, రెండు మైకులు తగిలించుటకు వీలగు ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, ల్యాప్‌టాప్, హెడ్‌ఫోను. ఇంతకు మించి ఏమియు అవసరము లేదు.

మైకును ఎక్కడ ఉంచవలెనను ప్రశ్నకు ముందు, స్వరము ఎక్కడ పుట్టుచున్నదను ప్రశ్న పరిష్కారము కావలెను. 1700 ప్రాంతమున ఫ్లోరెన్సు నగరమున మెడీచీ ప్రభువుల వాద్యములను సంరక్షించుచుండిన బార్తొలోమియో క్రిస్టోఫోరి అను శిల్పి, సుత్తి తంత్రిని కొట్టిన తక్షణమే వెనుకకు తొలగిపోయి, తంత్రిని స్వేచ్ఛగా కంపింపనిచ్చు యంత్రమును కల్పించెను. 1720లో అతడు నిర్మించిన వాద్యము న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో నేటికిని ఉన్నది. నేటి పియానోలో 88 మెట్లు, వానికి సుమారు 230 ఉక్కు తంత్రులు కలవు. ఆ తంత్రులన్నింటి బిగువు కలిపి లెక్కించినచో పదునెనిమిది ఇరువది టన్నులగును. దానిని భరించుటకే లోపల పోత ఇనుప చట్రము. క్రింది స్వరములకు రాగి చుట్టిన తంత్రి ఒక్కొక్కటి, వానిపై స్వరములకు రెండేసి, ఆ పైన మూడేసి. అయినను ఈ తంత్రులు స్వయముగా గాలిని కదల్చగల శక్తి లేనివి. కుండ లేని వీణ మీద తంత్రిని మీటినచో ప్రక్కనున్నవానికి వినబడనట్లే, సౌండ్‌బోర్డు లేని పియానో మూగది. బొబ్బిలి వీణకు పనసకుండ చేయు పనిని పియానోలో స్ప్రూస్ కొయ్యతో చేసిన, సెంటీమీటరు మందమైనను లేని విశాలమైన పలక చేయుచున్నది. తంత్రుల కంపనము, వానిని మోయు గుర్రము (బ్రిడ్జి) మీదుగా ఆ పలకకు చేరి, పలక నుండి గాలికి చేరుచున్నది.

ఈ పలక అంతయు ఒక్కరీతిగా కదలదని పాఠకులు గమనింతురు గాక. మంద్రస్వరములకు పలకయంతయు ఉబికి అణగుచుండగా, తారస్వరములకు అది అనేక చిన్న ఖండములుగా విడిపోయి, ఒక ఖండము ముందుకు వచ్చునపుడు ప్రక్క ఖండము వెనుకకు పోవుచుండును. కావున పియానో మీద “ఇది స్వరస్థానము” అని వ్రేలుపెట్టి చూపగల బిందువు లేదు. జానెడు దూరములో ఉంచిన మైకు కొన్ని మెట్లను బిగ్గరగాను కొన్నింటిని సన్నగాను వినిపించుటకు కారణము మైకు లోపము కాదు. అది పలక యొక్క ఒక్క మూలను మాత్రమే వినుచుండుటయే.

సుత్తి తంత్రిని తాకిన ఆ అల్పకాలములో, అనగా మంద్రమున సెకనులో వెయ్యవవంతులు నాలుగు, తారమున ఒక వెయ్యవవంతు కంటెను తక్కువ యగు కాలములో, ఏమి జరుగుచున్నదను ప్రశ్న మన దేశమునకు చిరపరిచితమైనదే. విశాఖపట్టణములో బాల్యము గడపి, తండ్రి అధ్యాపకుడుగా ఉన్న ఏ.వి.ఎన్. కళాశాల ఛాయలలో చదువుకొని, పదకొండవ యేటనే మెట్రిక్యులేషను ముగించిన చంద్రశేఖర వేంకటరామన్, కాంతి పరిక్షేపణమును గూర్చిన పరిశోధనతో నోబెల్ బహుమతి నందుటకు పది సంవత్సరములు పూర్వమే, 1920లో, భవనాథ బెనర్జీతో కలసి పియానో సుత్తి తాకిడిని గూర్చి కాఫ్‌మన్ ప్రతిపాదించిన సిద్ధాంతమును పరీక్షించి, లండను రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసమును ప్రకటించెను. వయొలిన్ తంత్రులను గూర్చియు, మన మృదంగపు మూత నుండి శ్రుతిబద్ధములైన అతిస్వరములు పుట్టు వింతను గూర్చియు ఆయన చేసిన కృషి ఆ కాలమునాటిదే. ఆయన శిష్యులలో అగ్రగణ్యుడైన సూరి భగవంతం తరువాతి కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, సీతాఫల్‌మండికి పిలుపుదూరములో ఉన్న ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణమును 1950ల దశకమున నడిపించెను. నాదమును గూర్చిన భౌతికశాస్త్రము మనకు పరాయి విద్య కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇక క్షయము సంగతి. పియానో స్వరము ఒకే వేగముతో క్షీణింపదు. మొదట వేగముగా పడిపోయి, తరువాత ఒకచోట వేగము తగ్గి, సన్నని తోకవలె చాలసేపు సాగుచుండును. 1977లో గేబ్రియల్ వైన్‌రైక్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దీని కారణమును విశదీకరించెను. ఒక స్వరమునకు గల మూడు తంత్రులును సుత్తి దెబ్బకు ఒకే దశలో కదల నారంభించినపుడు గుర్రమును కలిసికట్టుగా లాగుచు తమ శక్తిని త్వరితముగా పలకకు ధారపోయును. వాని శ్రుతులలోని అత్యల్ప భేదము వలన అవి క్రమముగా దశ తప్పి, ఒకటి పైకి లాగునపుడు మరియొకటి క్రిందికి లాగుచు, గుర్రము మీది తమ ప్రభావమును తామే రద్దు చేసికొనును. అప్పుడు మిగిలిన శక్తి వ్యయమగు మార్గము లేక మెల్లమెల్లగా మాత్రమే బయటపడును. మనము “పియానో పాడుచున్నది” అని అనుకొనునది ఈ రెండవ భాగమునే. రికార్డింగులో తొలుత నశించునదియు ఇదియే, ఏలయనగా ఇది చాల సన్ననిది.

దీనిని నశింపజేయు మొదటి శత్రువు గది. హార్వర్డు విశ్వవిద్యాలయములోని ఫాగ్ మ్యూజియము ఉపన్యాసశాలలో మాటలు ఒకదానిపై నొకటి పడి అర్థము కాకుండుటకు కారణము తెలిసికొనుమని 1895లో నియుక్తుడైన వాలెస్ క్లెమెంట్ సేబిన్ అను యువ అధ్యాపకుడు, ఒక ఆర్గన్ గొట్టమును, గడియారమును, తన చెవిని మాత్రమే సాధనములుగా గైకొని, ప్రక్కనున్న సాండర్స్ నాటకశాల నుండి మెత్తలను ఒక్కొక్కటిగా మోసికొని వచ్చి పరచి, వీధి చప్పుడు అణగిన రాత్రివేళల కొలతలు తీసి, తెల్లవారకమునుపే మెత్తలను మరల చేరవేయుచు, రెండు మూడు సంవత్సరములు శ్రమించెను. ఖాళీశాలలో ధ్వని ఐదున్నర సెకనులు నిలుచుచుండెను. ఆ శ్రమకు ఫలముగా వెలువడిన సూత్రము సరళమైనది: గది ఘనపరిమాణమును 0.161తో గుణించి, గదిలోని మొత్తము శోషణముచే భాగించినచో ప్రతినాదకాలము, అనగా గదిలో ధ్వని అణగుటకు పట్టు కాలము, లభించును. శోషణమునకు ఆయన గైకొన్న ప్రమాణము తెరచిన కిటికీ. దాని గుండా పోయిన ధ్వని తిరిగి రాదు గదా.

మన గది ఘనపరిమాణము సుమారు 34 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 63 చదరపు మీటర్లు. సిమెంటు పూత, షాబాదు బండ తమపై పడిన ధ్వనిలో నూటికి మూడు పాళ్లకు మించి పీల్చవని లెక్కించినచో, మొత్తము శోషణము రెండు చదరపు మీటర్ల తెరచిన కిటికీకి లోపే. ప్రతినాదకాలము మూడు సెకనులకు ఇంచుమించు. ఇట్టి గదిలో పియానో తన స్వరమును ముగించులోపల గది దానిని పదేపదే తిరుగవేయుచుండుట చేత, వాద్యము యొక్క క్షయమేదియో గోడల క్షయమేదియో చెవి వేరుచేయలేదు. అదే గదిలో మంచముపై దూదిపరుపు, గోడలకు వ్రేలాడదీసిన మూడు నాలుగు బొంతలు, పుస్తకముల అర, వాద్యకారుడు, ఇవన్నియు కలసి మరి ఎనిమిది చదరపు మీటర్ల శోషణమును చేకూర్చినచో ప్రతినాదకాలము అరసెకనుకు దిగివచ్చును. ఖర్చు శూన్యము. కోడిగ్రుడ్ల అట్టలను గోడలకు అంటించు ఆచారము మన నగరములో విస్తారముగా కనబడుచున్నది గాని, ఆ పలుచని కాగితపుగుజ్జు హెచ్చు పౌనఃపున్యములను కొంతమాత్రమే పీల్చి, తక్కినవానిని యథాతథముగా విడిచిపెట్టును. ఆ అట్టలపై పెట్టు శ్రమను పాతబొంతలపై పెట్టుట మేలు.

ఈ లెక్క నుండియే మైకు దూరమును గూర్చిన లెక్కయు పుట్టుచున్నది. వాద్యము నుండి సూటిగా వచ్చు ధ్వనియు, గోడల నుండి తిరిగి వచ్చు ధ్వనియు సమానమగు దూరము ఒకటి ప్రతి గదికిని కలదు. ఆ హద్దు లోపల మైకు వాద్యమును వినును. దాని వెలుపల గదిని వినును. మన ఖాళీ గదిలో ఈ హద్దు ఇరువది సెంటీమీటర్లు, అనగా జానెడుకు లోపు. అంత దగ్గర మైకు పెట్టినచో పలకలోని ఒక్క మూలయే వినబడునని ముందే చెప్పియుంటిని. బొంతలు వ్రేలాడదీసిన గదిలో అదే హద్దు నలుబదియైదు సెంటీమీటర్లు, సరిగా మూరెడు. ముందువైపు ధ్వనిని హెచ్చుగాను వెనుకవైపు ధ్వనిని తక్కువగాను గ్రహించు కార్డియాయిడ్ మైకు వాడినచో ఇది మూరన్నర దాక సాగును. జానెడు నుండి మూరన్నరకు జరుగుట వలన మైకు దృష్టికి పలకయంతయు వచ్చును. బొంత చేయు మహోపకారము ఇది.

అయితే బొంత మంద్రధ్వనులను తాకలేదు. ముప్పది డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోవును; పియానోలోని మొదటి మెట్టు పౌనఃపున్యము 27.5 హెర్ట్‌జులు గనుక దాని తరంగదైర్ఘ్యము పండ్రెండున్నర మీటర్లకు పైమాటే. పన్నెండడుగుల గోడల నడుమ 48 హెర్ట్‌జుల వద్దను, పదడుగుల గోడల నడుమ 57 హెర్ట్‌జుల వద్దను స్థిరతరంగములు ఏర్పడి, ఆ ప్రాంతపు స్వరములు తక్కినవానికంటె ఉబ్బి మ్రోగును. మన గదికి వెడల్పును ఎత్తును సమానమగుట చేత 57 హెర్ట్‌జుల వద్ద రెండు దోషములు ఒకచోట కూడినవి. వీనిని పీల్చవలెనన్నచో మిక్కిలి మందమైన దూదిపొర కావలెను. అది సాధ్యము కాదు గాని, వాద్యమును మూల నుండి తప్పించుట సాధ్యము. మూలలయందు ఈ తరంగముల పీడనము పరాకాష్ఠ నందుచుండును గనుక, పియానోను గోడ నుండి చేతి పొడవు ముందుకు లాగి, ఏ గోడకును సమాంతరము కాకుండ కొంచెము ఏటవాలుగా నిలుపవలెను. నలుగురు మనుష్యులు కలిసినగాని కదలని బరువది. అయినను ఈ ఒక్క కదలిక, వేలరూపాయల మైకు మార్పు కంటె హెచ్చు ఫలమిచ్చును.

అట్టడుగు మెట్ల విషయమున ఒక ఊరట కలదు. అప్‌రైట్ పియానో పలక చిన్నదగుట చేత 27.5 హెర్ట్‌జుల మూలస్వరమును అది వెలువరించుట అత్యల్పము. మనము వినునది దాని అనుస్వరములను మాత్రమే. 55, 82.5, 110 అను వరుసను వినిన మెదడు, వాని మూలమేదియో తానే ఊహించుకొని ఆ మంద్రస్వరమును “వినును”. చిన్న స్పీకరులోను ఆ మెట్టు ఆ మెట్టుగనే గుర్తింపబడుటకు హేతువిదియే.

మైకుల స్థానమును గూర్చి రెండు మార్గములు ప్రచారములో ఉన్నవి. పియానో వెనుకకు పోయి పలకకు ఎదురుగా మైకులుంచుట ఒకటి. దీనివలన నిండైన, కొంచెము మసకగానున్న ధ్వని వచ్చును, సుత్తుల టకటకలు తక్కువ. పై మూత తెరచి, మెట్లకు పైనున్న ముందుపలకను ఊడదీసి, తంత్రులకు ఎదురుగా మైకులుంచుట రెండవది. దీనివలన స్వరము యొక్క అంచు స్పష్టముగా వచ్చును, దానితోపాటు సుత్తుల చప్పుడును, పెడలు కిర్రుమనుటయు వచ్చును. చిన్నగదిలో నేను రెండవదానినే మేలని యెంచుదును. వెనుకనున్న మైకు గోడకు మిక్కిలి చేరువయగుటచే గోడ నుండి తిరిగివచ్చిన ధ్వని సూటిధ్వనితో కలసి కొన్ని పౌనఃపున్యములను చెరపివేయును; పెడలు కిర్రును బోల్టులకు రెండు చుక్కల నూనెయు, బల్ల క్రింద మడతపెట్టిన గుడ్డయు నివారించును.

రెండు మైకుల మధ్య దూరము సామాన్య విషయముగా తోచవచ్చును గాని, ఇంటి రికార్డింగులలో కనబడు దోషములలో సగము ఇక్కడనే పుట్టినవి. 1931లో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజినీరు అలన్ బ్లూమ్‌లైన్ రెండు మార్గముల ధ్వనిలేఖనమునకు పేటెంటు కోరినది మొదలు దీనిని గూర్చి విచారణ జరుగుచునే ఉన్నది. ఒక మైకును మంద్రముపైనను మరియొకదానిని తారముపైనను దూరదూరముగా పెట్టినచో హెడ్‌ఫోనులో పియానో విశాలముగా వినబడును. కాని వినువాడు ఒకే స్పీకరు గల ఫోనులో దానిని వినినపుడు రెండు ధ్వనులు ఒకటిగా కూడును. నడిమి ‘సి’కి పైనున్న ‘ఎఫ్’ స్వరము 349 హెర్ట్‌జులది, మన వేసవి గదిలో దాని తరంగదైర్ఘ్యము సరిగా ఒక మీటరు; తంత్రి నుండి ఒక మైకుకు గల దూరము కంటె రెండవదానికి గల దూరము అరమీటరు అధికమైనచో, ఒక తరంగపు శిఖరము మరియొకదాని లోయపై పడి, ఆ స్వరము యొక్క మూలధ్వని అణగారిపోవును. పాటలో ఒక్క ‘ఎఫ్’ మాత్రమే పలుచబడుట విని, వాద్యకారుని వ్రేలిని నిందించుట తగదు. ఫ్రెంచి రేడియోవారి సంప్రదాయము ననుసరించి రెండు మైకులను 17 సెంటీమీటర్ల యెడముతో, 110 డిగ్రీల కోణములో, ఒకే స్టాండుపై నిలిపి, వాద్యకారుని తలకు కొంచెముపైగా, తంత్రుల నుండి మూరన్నర దూరములో ఉంచినచో ఈ ప్రమాదము చాలవరకు తప్పును. ఆ 17 సెంటీమీటర్లు మనుష్యుని రెండు చెవుల మధ్య దూరమునకు దగ్గరిది.

రెండవ శత్రువు చప్పుడు. సేబిన్ వలె అర్ధరాత్రి పనిచేయుట సీతాఫల్‌మండిలో ధర్మము కాదు. గోడ కవతల పసిపిల్లలు నిద్రించుచుందురు. ఆదివారము మధ్యాహ్నము భోజనములైన తరువాత, రెండు మూడు గంటల నడుమ వీధి కునుకు తీయు వేళ యొకటి కలదు. ఇరుగుపొరుగులకు ముందుగా చెప్పి ఆ వేళను ఎంచుకొనవలెను. లెక్క చూడుడు: 80 డెసిబెల్లులతో పుట్టిన స్వరము, 50 డెసిబెల్లుల వీధిరొద గల గదిలో 30 డెసిబెల్లులు క్షీణించుసరికే మునిగిపోవును, రొద 30 డెసిబెల్లులకు దిగినపుడు అదే స్వరమునకు 50 డెసిబెల్లుల క్షయము దక్కును. వైన్‌రైక్ వివరించిన ఆ రెండవ భాగము వినబడునో వినబడదో నిర్ణయించునది ఈ ఇరువది డెసిబెల్లులే. రైలు వచ్చినపుడు ఆపుట తప్ప మార్గాంతరము లేదు. రైలు చప్పుడు గాలిలోనేగాక నేలలోను వచ్చును. తార్నాక దాటినంతనే హబ్సిగూడలోనున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు భూకంపలేఖినులను నెలకొల్పుటకు రహదారులకు, పట్టాలకు దూరమైన స్థలముల నన్వేషించుట ఈ కారణము చేతనే. మనకు ఆ స్వేచ్ఛ లేదు గనుక మైకు స్టాండును నాలుగు మడతలు పెట్టిన బొంతపై నిలుపవలెను.

ఫ్యాను ఆపవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. కాని విద్యుత్తు గుంయిగుంయిని గూర్చి చెప్పవలసియున్నది. మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్‌జులది. పియానోలో అట్టడుగు నుండి మొదటి ‘జి’ 49 హెర్ట్‌జులది. ఎర్తు సరిగా లేని ప్లగ్గు నుండి ల్యాప్‌టాప్ ద్వారా ఆ గుంయికారము రికార్డింగులో చొరబడినచో, ఆ ‘జి’ క్షీణించు కాలమున రెండు ధ్వనులు కలిసి సెకనుకొక విస్పందనముగా ఊగిసలాడును. వినువారు పియానో శ్రుతి తప్పినదని భ్రమింతురు. ల్యాప్‌టాప్ ఛార్జరును తీసివేసి బ్యాటరీ మీద నడుపుట దీనికి సులభోపాయము.

మూడవ శత్రువు మిక్కిలి దగ్గరి మిత్రుని రూపములో ఉన్నది. ఫోనులోని రికార్డరు మాటలకొరకు నిర్మింపబడినది. మాట ఆగినచోట మిగిలినదంతయు చప్పుడని తలచి దానిని అణచివేయు ఏర్పాటు దానిలో కలదు. పియానో స్వరపు తోక దాని లెక్కలో చప్పుడే. స్వరము నడిమిలోనే తెగినట్లు వినబడుటకును, తెగిన తరువాత శ్వాసవలె ఉబుకుటకును కారణమిదియే. ఫోనే గతియైనచో ఈ సవరణలను ఆపుటకు వీలైన యాప్‌ను వాడవలెను. ల్యాప్‌టాప్‌పై ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. అందులోని చప్పుడు తొలగించు సాధనమును పియానోపై ప్రయోగింపకుండుటయే శ్రేయస్కరము.

స్థాయి విషయము స్వల్పము. పాటలో అన్నిటికంటె బిగ్గరయైన భాగమును ముందుగా వాయింపజేసి, సూచిక శిఖరములు సున్నకు 12 డెసిబెల్లుల దిగువన నిలుచునట్లు గెయిన్ తిప్పవలెను. 24 బిట్ల లేఖనములో ధ్వనిస్థాయికి 1,67,77,216 అంతరువులు కలవు. ఒక్కొక్క బిట్టుకు ఆరు డెసిబెల్లుల లెక్కన, ఆ ఖాళీ వలన పోవునది రెండు బిట్లే. సెకనుకు 44,100 నమూనాలతో 22 వేల హెర్ట్‌జుల దాక ధ్వని అంతయు పట్టుబడును. పియానోలోని చిట్టచివరి మెట్టు 4,186 హెర్ట్‌జులదే. ఒక గంట రికార్డింగు ఒక గిగాబైటును మించదు. కావున ఎం.పి.3గా కుదింపక, వేవ్ ఫైలుగనే దాచవలెను.

వీనియన్నిటికి ముందు శ్రుతి. జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలిలోని తేమను పీల్చి స్ప్రూస్ పలక ఉబ్బి, గుర్రమును పైకి నెట్టి, తంత్రుల బిగువును పెంచును. ఏప్రిల్ మే మాసముల పొడిగాలికి అది క్రుంగి శ్రుతి దిగజారును. నడిమి స్థాయిలో ఈ మార్పు హెచ్చు. వానకాలమున చేసిన శ్రుతి వేసవికి నిలువదు. రికార్డింగునకు రెండు దినములు ముందుగా ట్యూనరును పిలిపించి, ఆ రెండు దినములును గదిలో గాలి, తేమ మార్పుచెందకుండ చూడవలెను.

లాలాగూడ, మెట్టుగూడ, సీతాఫల్‌మండి ఇండ్లలో మిగిలిన పాత పియానోలకు చెదలును, స్థలాభావమును, పాతసామానుల వర్తకుడును త్రాసు పట్టుకొని ఎదురుచూచుచున్నారు. ఇట్టి వాద్యమొకటి మీ యింటనో, మీ యెరుకలోనో ఉన్నచో, దానిని అమ్ముటకుగాని కదల్చుటకుగాని ముందు ఒక ఆదివారమును దానికై కేటాయింపుడు. పాటలను రికార్డు చేయుడు. వానితోపాటు 88 మెట్లను ఒక్కొక్కటిగా నొక్కి, ప్రతి స్వరమును సంపూర్ణముగా నిశ్శబ్దములో కలియువరకు ఆగి, మధ్యలో తుంచక రికార్డు చేయుడు. ఫైలుతోపాటు వాద్యనిర్మాత పేరు, లోపలి చట్రముపైని క్రమసంఖ్య, శ్రుతి చేసిన తేదీ, గది కొలతలు, మైకుల దూరము ఒక కాగితమున వ్రాసి ఉంచుడు. పది సంవత్సరముల పిమ్మట దానిని వినువారికి ఆ కాగితము ఫైలంత అవసరమగును.